జీతం స్లిప్పుల పేర్లు మనమే మార్చుకుందాం, ఏజెంట్ చేతికి ఇవ్వొద్దు

అన్నలూ, అక్కలూ, జర్మనీలో ఉన్న మనవాళ్లందరికీ ఒక మాట. పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేసేటోళ్ల దగ్గర "మీ ఫైళ్లు సర్ది, పేర్లు పెట్టి ఇస్తాం" అని డబ్బులు తీసుకునేవాళ్లు కనపడుతున్నారు. ఆ పనికి పైసలు ఇవ్వడం దండగ. పేపర్లు పంపడం ఇంకా పెద్ద తప్పు. లోన్‌అబ్‌రెష్నుంగ్ ఒకటి తీసి చూడండి. పేరు, అడ్రస్, పుట్టిన తేదీ, టాక్స్ ఐడీ, సోషల్ ఇన్సూరెన్స్ నంబర్, చాలావాటిలో బ్యాంకు ఐబాన్ కూడా ఉంటాయి. ఊళ్లో మన పాస్‌బుక్కు, ఆధార్ కార్డు కలిపి ముక్కూ మొహం తెలియనోడికి ఇస్తామా? ఆన్‌లైన్‌లో ఫ్రీగా సర్దిపెడతామనే సైట్ల మీదా నాకు ఇదే అనుమానం.

"ఫైల్ పేరుదేముంది, ఆఫీసర్ లోపల చూసుకుంటాడులే" అంటారు కొందరు. ఆఫీసర్ సంగతి పక్కన పెట్టండి, ముందు మనకే దొరకాలి కదా. స్కిల్డ్ వర్కర్‌గా ఉన్నోళ్లకి మామూలుగా 36 నెలల పెన్షన్ కాంట్రిబ్యూషన్ అడుగుతారు. బ్లూ కార్డ్ వాళ్లకి 27, బి1 జర్మన్ ఉంటే 21. ఆ నెలలు లెక్క పెట్టుకోవాలంటే స్లిప్పులు వరసలో ఉండాలి.

మన ఫోల్డర్ ఎట్లుంటది? సగం "స్కాన్ 0001", సగం వాట్సాప్ పెట్టిన "ఐఎంజీ-20240315-డబ్ల్యూఏ0004". అందులో ఉన్నది ఫోటో వాట్సాప్‌లో వచ్చిన తేదీ, స్లిప్పు తేదీ కాదు. ఇక కంపెనీ జర్మన్ నెల పేర్లతో పంపిస్తే అక్షర క్రమంలో ముందు ఏప్రిల్, తర్వాత ఆగస్ట్, తర్వాత డెట్సెంబర్. యానువార్ ఐదోది! 01.2024 అని జర్మన్ పద్ధతిలో పెట్టినా అన్ని సంవత్సరాల జనవరిలూ ఒకచోట కుప్పపడతాయి. సంవత్సరం ముందు, నెల తర్వాత, అంటే 2024-03 అని పెడితేనే వరస నిలబడుతుంది. ఇదేం నా సొంత కవిత్వం కాదు, 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 చెప్పేది ఇదే. జర్మన్ల సొంత డిన్ 5008 కూడా ఈ రాతని ఒప్పుకుంటుంది.

36 ఫైళ్లు చేత్తో మారుస్తా అంటే పదో ఫైలుకే విసుగొస్తది, పదిహేనోది తప్పు పడతది. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్లదే పవర్‌టాయ్స్ అని ఫ్రీగా ఉంది, అందులో పవర్‌రీనేమ్. సొంత లాప్‌టాప్‌లోనే వేసుకోండి, కంపెనీ లాప్‌టాప్ జోలికి వద్దు. ముందు ఫోల్డర్‌కి ఒక కాపీ తీయండి. ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొడితే పవర్‌రీనేమ్ కనపడుతుంది. పై గడిలో పాత ముక్క, కింద గడిలో కొత్త ముక్క. ఉదాహరణకి "మేర్స్" తీసి "03" పెట్టమంటే అన్ని సంవత్సరాల మార్చి స్లిప్పులూ ఒక్క దెబ్బకి మారతాయి. పన్నెండు నెలలకి పన్నెండు సార్లు, అంతే. పైగా ఆ రెండు చుక్కల అక్షరం పీడ కూడా పోతుంది. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్తే పిచ్చి గుర్తులుగా మారడం చూసే ఉంటారు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ నేర్చుకున్నోళ్లు 03.2024ని 2024-03గా తిప్పడం కూడా ఒకేసారి చేయొచ్చు. కొత్త పేర్లు పక్కనే ముందుగా చూపిస్తుంది, అది చదవకుండా అప్లై కొట్టకండి. ఫైల్ పేరుకి మాత్రమే అని పెట్టుకోండి, చివర ఉన్న పీడీఎఫ్ అన్నది కదలకూడదు. మ్యాక్ ఉన్నోళ్లకి ఏమీ వేసుకోనక్కర్లేదు. ఫైండర్‌లో అన్నీ సెలెక్ట్ చేసి రీనేమ్ అంటే చాలు.

స్కాన్ 0001 లోపల ఏ నెల ఉందో మాత్రం పేర్లు మార్చే ఈ ప్రోగ్రాములు చెప్పవు. అవి తెరిచి చూడాల్సిందే, ఓపిక పట్టండి.

అసలు లాభం పేర్లు మారాక తెలుస్తుంది. మా రూమ్మేట్ తమ్ముడు ఇట్లనే వరస పెడితే రెండు నెలలు ఖాళీ కనపడ్డాయి. ఒక జైట్‌అర్బైట్ కంపెనీ నుంచి ఇంకోదానికి మారిన టైమ్. డాయిచ రెంటెన్‌ఫెర్‌జిషెరుంగ్ నుంచి తన కాంట్రిబ్యూషన్ల లెక్క తెప్పించుకున్నాడు, దానికి డబ్బులేం అడగరు. అందులో ఒక నెల ఉంది, ఇంకో నెల లేదు. 36 అనుకున్నది 35 అయింది. ఇప్పుడు పాత కంపెనీకి రాసి జవాబు కోసం చూస్తున్నాడు. ఔస్‌లెండర్‌బెహోర్డ అపాయింట్‌మెంట్‌కి ఇంకా టైమ్ ఉంది.

నర్సులుగా వచ్చిన అక్కలకి ఒక ప్రశ్న. మీ అనెర్‌కెన్నుంగ్ పేపర్లలో ఒరిజినల్ ఒకటి, జర్మన్ ట్రాన్స్‌లేషన్ ఒకటి ఉంటాయి కదా, రెండూ పక్కపక్కనే పడేటట్టు పేర్లు ఎట్ల పెట్టుకున్నారు? కింద రాయండి, కొత్తగా వచ్చే పిల్లలకి పనికొస్తది.