అటక మీద గిటారు

మీ ఇంట్లో అటక ఉందా? ఉంటే ఈసారి పండక్కి బూజు దులిపేటప్పుడు కాస్త నిదానంగా దులపండి. పాత ఇత్తడి గంగాళాలు, ఉతికి మడతపెట్టిన బొంతలు, చుట్టాలు పెళ్ళికిచ్చిన స్టీలు సామాను... వీటన్నిటి వెనకాల పిల్లలు వదిలేసి వెళ్ళిన సరదా ఒకటి తప్పకుండా దొరుకుతుంది. కొందరి ఇళ్ళలో క్యారమ్ బోర్డు, కొందరి ఇళ్ళలో కీబోర్డు. మా ఇంట్లో ఎలక్ట్రిక్ గిటారు దొరికింది.

మావాడు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. చదువైంది, బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, గిటారు అటకెక్కింది. ఆరేళ్ళ తరవాత సంచీ విప్పి చూద్దును కదా, తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. చెయ్యి ఆనే చోట రంగు పెచ్చులూడింది. మాది కాకినాడ. సముద్రపు గాలికి ఇనుప బీరువాయే ఆగదు, గిటారు ఆగుతుందా?

"అమ్మేసెయ్యమ్మా, ఎంతొస్తే అంతే" అన్నాడు ఫోన్లో. నాకు మనసొప్పలేదు. "నేను బాగుచేస్తాను" అన్నాను. మావాడు నవ్వాడు. మావారైతే పేపరు దించి ఒకసారి చూసి, మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకు సాండ్‌పేపర్లో నంబర్లుంటాయని కూడా తెలీదు.

ఏముంది ఇందులో?

ముందుగా నాకు ధైర్యమిచ్చిన సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో లియో ఫెండర్ అని ఒకాయన ఉండేవాడు. రేడియోలు బాగుచేసుకునే మనిషి. 1950 దశకంలో ఆయన తయారుచేసిన టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్ గిటార్లను చూసే ఈనాటికీ ప్రపంచమంతా గిటార్లు చేస్తున్నారు. ఆయనకి గిటారు వాయించడమే రాదట! మరి నాకు రాకపోతేనేం?

పైగా ఆయన పద్ధతి మనలాంటి వాళ్ళకి ఎంతో అనుకూలం. కింద చెక్కముక్క, పైన పొడుగాటి మెడ, రెంటినీ కలుపుతూ నాలుగు స్క్రూలు. విప్పితే మిక్సీలాగే దేనికది విడిగా వచ్చేస్తుంది. మామూలు గిటారుకి ఉన్నట్టు బోలు పొట్ట ఉండక్కర్లేదు. ఉక్కు తీగల కింద అయస్కాంతాలుంటాయి, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ వేలకొద్దీ చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ కదిలితే కింద రాగిచుట్టలో చిటికెడు విద్యుత్తు పుడుతుంది. ఆ చిటికెడునే ఆంప్లిఫయర్ పెద్ద చప్పుడు చేస్తుంది. అంతే సంగతి.

ఈ రాగితీగ చుట్టే పని ఫెండర్ కంపెనీలో ఎక్కువగా ఆడవాళ్ళే చేశారు. అబిగెయిల్ ఇబారా అనే ఆవిడ 1956లో చేరి, 2013లో రిటైరయ్యేదాకా ఆ పనిలోనే ఉంది. ఆవిడ చుట్టిన చుట్టల కోసం పెద్ద పెద్ద వాయిద్యకారులు వెతుక్కుంటారు. మనం జాజులు మాల కట్టేటప్పుడు ముడి బిగువు వేలికే తెలుస్తుంది చూడండి, ఇదీ అలాంటిదే అయ్యుంటుంది.

పోపులపెట్టె ఉపయోగం

విప్పేముందు ప్రతి వైరునీ సెల్‌ఫోన్‌తో ఫోటో తీసిపెట్టుకున్నాను. స్క్రూలు కలిసిపోకుండా పాత పోపులపెట్టె తీశాను. ఆవాల గిన్నెలో మెడ స్క్రూలు, మెంతుల గిన్నెలో పలక స్క్రూలు. ఇది నా సొంత కనిపెట్టుడు, మీరు కూడా వాడుకోవచ్చు.

పాత రంగు తియ్యడం మాత్రం నడుం విరిచింది. ఫ్యాక్టరీవాళ్ళు వేసే పూత గాజుపెంకులా గట్టిగా ఉంటుంది. రెండ్రోజులు చేత్తో రుద్దితే అరచేతిలో పొక్కులు తప్ప ఏమీ మిగల్లేదు. చివరికి మా వీధిలో వడ్రంగి వేడిగాలి యంత్రం తెచ్చి, "అమ్మగారూ, ఇది చేత్తో అయ్యే పని కాదండీ" అని పెరట్లో కూచుని ఊడదీసి పెట్టాడు. ఆ పొగ మంచిది కాదు, అందుకే పెరట్లో, ముక్కుకి మాస్కు పెట్టుకుని.

లోపల అందమైన చెక్క కనిపిస్తుందనుకున్నాను. మూడు ముక్కలు అతికించి ఉన్నాయి! పైన రంగు కప్పేదే కదా అని తక్కువ ధర గిటార్లకి ఇలాగే చేస్తారట. మరి కనిపించనివ్వకూడదు, రంగే వెయ్యాలి. ఏం రంగు? నా పెళ్ళి నాటి నెమలికంఠం పట్టుచీర ఒకటి చిరుగులు పట్టి ఉంది. ఆ అంచుముక్క పట్టుకెళ్ళి కార్ల రంగులు కలిపే కొట్లో ఇచ్చాను. అచ్చం అదే రంగు కలిపిచ్చాడు.

చెక్కని 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 180, 220, 320 దాకా, ఎప్పుడూ నార వెళ్ళిన దిక్కుకే రుద్దాను. అడ్డంగా రుద్దితే ఆ గీతలు రంగు వేశాక బయటపడి వెక్కిరిస్తాయి. తరవాత సీలర్, ప్రైమర్, రంగు, పైన మెరుపు లాకరు. ఒక్కొక్కటీ పల్చగా, ఆరనిచ్చి, మళ్ళీ పల్చగా. చేగోడీలు వేయించినట్టే, తొందరపడితే పైన రంగొస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

శ్రావణమాసంలో చేసిన తెలివితక్కువ పని

రంగు దాకా బాగానే వచ్చింది. లాకరు రోజున మబ్బుగా ఉంది. వాన పడకముందే ముగించేద్దామని డాబా మీద స్ప్రే చేసేశాను. పదినిమిషాల్లో నెమలికంఠం కాస్తా పాలు ఒలికినట్టు తెల్లబడిపోయింది! కంగారులో గుడ్డ పెట్టి తుడిచాను. ఇంకేముంది, పచ్చి లాకరంతా గుడ్డకి అంటి చారలు చారలు.

ఏడుపొక్కటే తక్కువ. మావాడికి ఫోన్ చేశాను. వాడు పుస్తకంలా చెప్పుకొచ్చాడు. లాకర్లోని థిన్నర్ ఆవిరవుతుంటే పైపొర చల్లబడుతుందట. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరై పూతలో ఇరుక్కుంటుందట. అదే ఆ తెలుపు. "ముట్టుకోకుండా వదిలేస్తే ఎండ కాసిన రోజున మరో పల్చటి పూతతో పోయేదమ్మా. తుడిచావు కాబట్టి ఇప్పుడు మళ్ళీ రుద్దాల్సిందే. ముందు బాగా ఆరనియ్యి" అన్నాడు.

నేను మీకు అసలు చెప్పదలుచుకున్నది ఇక్కడుంది.

ఆరేళ్ళుగా మా ఫోన్లు ఎలా ఉండేవో తెలుసా? "తిన్నావా?" "తిన్నాను." "ఏం తిన్నావు?" "ఏదో తిన్నానులేమ్మా." "ఒంట్లో బాగుందా?" "బాగుంది." అయిపోయింది. మీ ఇంట్లోనూ ఇంతేనా? గిటారు మొదలుపెట్టాక నాకు రోజుకో సందేహం వచ్చేది. వాడికి తెలిసిన విషయం, నాకు తెలియని విషయం. వాడు చెప్పేవాడు, నేను వినేదాన్ని. ఆ రోజున లాకరు సంగతి అరగంట మాట్లాడాక వాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. "అమ్మా, నా ఉద్యోగం పోయి రెండు నెలలైంది" అన్నాడు.

నా గొంతులో తడారిపోయింది. ఆ రెండు నెలలూ నేను రోజూ అడిగాను, తిన్నావా అని. వాడు రోజూ చెప్పాడు, తిన్నానని. ఇద్దరం అబద్ధం ఆడలేదు, అసలు మాటే మాట్లాడుకోలేదు.

ఎందుకు దాచావని అడగాలనిపించింది. అడగలేదు. "లాకరు ఆరడానికి నాలుగు రోజులు పడుతుందన్నావుగా, ఈలోగా ఇంటికి రారాదూ? వైర్లు అతికించడం నాకు భయం" అన్నాను. వచ్చాడు. పదిహేను రోజులున్నాడు. పెరట్లో బల్ల వేసుకుని వాడు సోల్డరింగ్ చేస్తుంటే నేను వైరు పట్టుకున్నాను. మావారు కూడా కుర్చీ తెచ్చుకుని మా దగ్గరే కూచునేవారు. ఏం మాట్లాడలేదు గానీ లైటు పట్టుకునేవారు. దసరా వెళ్ళాక వాడికి వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. గిటారు వల్ల దొరికిందని నేననను. కానీ ఆ రెండు వారాలూ వాడు ఒంటరిగా ఉండలేదు, అది చాలు నాకు.

అమ్మ అల్లికసూది

ఆ రోజుల్లోనే మావాడు ఒక కథ చెప్పాడు. ఇంగ్లండులో బ్రయాన్ మే అని, క్వీన్ బృందంలో పేరుమోసిన గిటారిస్టు. 1963లో పదహారేళ్ళ పిల్లాడు. కంపెనీ గిటారు కొనే స్తోమత లేదు. తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టి దాదాపు రెండేళ్ళకి పూర్తిచేశాడు. మెడకి పాత చలిమంట గూటి చెక్క. దానికున్న పురుగు రంధ్రాల్లో అగ్గిపుల్లలు కూరి పూడ్చాడు. స్ప్రింగులు పాత మోటారుసైకిలువి. మెట్ల మధ్య గుర్తులకి వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. తీగల్ని ఊపే కడ్డీ చివర వాళ్ళమ్మ అల్లికసూది కొన! ఆ గిటారుతోనే 2002లో రాణిగారి స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి వాయించాడు.

కొడుకు పీహెచ్‌డీ వదిలేసి పాటల్లో పడ్డందుకు గిటారు చేయించిన ఆ తండ్రే బాగా కష్టపెట్టుకున్నాడట. చివరికి బ్రయాన్ మే ఆ పీహెచ్‌డీని 2007లో, అరవయ్యో ఏట పూర్తిచేశాడు. ఖగోళశాస్త్రంలో!

ఈ కథ విన్న దగ్గర్నుంచీ మా అత్తగారికి కూడా హుషారొచ్చింది. మా ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన టేకు గుమ్మం కొయ్యలున్నాయి. వాటితో కొత్త గిటారు చేద్దామన్నాను. "గడపని ముట్టుకోకు, పక్క నిలువులు తీసుకో" అని షరతు పెట్టారావిడ. నాలుగు ముక్కలు పక్కపక్కన అతికిస్తే 13 అంగుళాల వెడల్పు వస్తుంది, మందం అంగుళంముప్పావు చాలు. కొయ్యకముందు వడ్రంగి పాత మేకులన్నీ వెతికి తీశాడు, లేకపోతే రంపం పళ్ళు పోతాయి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించేముందు థిన్నర్‌తో తుడిచాం. మెడ మాత్రం తయారుగా ఉన్నదే కొన్నాం. కొత్తవాళ్ళు మెడ జోలికి పోకపోవడమే మంచిది. తీగల లాగుడు అన్నీ కలిపితే 40 కిలోల దగ్గర ఉంటుంది, దాన్ని తట్టుకోవడానికి లోపల ఇనుపకడ్డీ కూడా ఉండాలి.

మెట్ల లెక్క వింటే ముచ్చటేస్తుంది. తీగ పొడుగు 648 మిల్లీమీటర్లయితే దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం, 36.4 మిల్లీమీటర్లు. మిగిలిన పొడుగుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మా అత్తగారు, "మా వీణకి 24 మెట్లు, మాకూ పన్నెండోది సగంలోనే. ఇందులో కొత్తేముంది?" అనేశారు!

మీరు మొదలుపెడితే

• మొదటిసారి పాడైపోయిన చవక గిటారు మీదే చెయ్యి తిప్పుకోండి. పిల్లల్ని అడక్కుండా వాళ్ళది ముట్టుకోకండి.

• లాకరు, థిన్నర్, స్పిరిట్ వంటింటి దరిదాపుల్లో వద్దు. గ్యాసు పొయ్యి, దీపం, అగరొత్తి ఏదీ దగ్గర ఉండకూడదు. దుమ్ము మాస్కు ఈ ఆవిర్లని ఆపదు, స్ప్రేకి వేరే మాస్కు ఉంటుంది.

• అవిసెనూనె పాలిష్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడెయ్యకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరవెయ్యండి, లేదా నీళ్ళలో ముంచండి.

• మెడ కూచునే గాడిలో రంగు వెయ్యకండి. పూత మందానికి మెడ సరిగ్గా ఇమడదు.

• లాకరు చేతికి ఆరినట్టుంటుంది గానీ లోపల గట్టిపడ్డానికి మూడు నాలుగు వారాలు కావాలి. ఆ తరవాతే నీళ్ళతో తడిపి 800, 1000, 1500 వాటర్ పేపర్‌తో రుద్దండి. అంచుల మీద చెయ్యి తేలిగ్గా ఉంచండి, రంగు ముందు పోయేది అక్కడే. స్క్రూ రంధ్రాల్లోకి నీళ్ళు పోనివ్వకండి, చెక్క ఉబ్బుతుంది.

• స్క్రూలకి కొవ్వొత్తి మైనం రాసి బిగిస్తే చెక్క చీలదు.

• సోల్డర్లో సీసం ఉండొచ్చు. పనయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే అన్నం ముట్టుకోండి.

టేకు గిటారు ఇంకా సగంలో ఉంది. సంక్రాంతికి మావాడు వచ్చాకే తీగలు కడతాం. నాకు వాయించడం ఇప్పటికీ రాదు. కానీ ఫోన్లో "తిన్నావా" తరవాత ఏం మాట్లాడాలో వెతుక్కోవడం మానేశాను.

మీ అటక మీద ఏముందో చూడండి. కిందికి దించి, "దీన్ని ఎలా బాగుచెయ్యాలిరా?" అని ఒక్క ఫోన్ చెయ్యండి. వచ్చేవారం కలుద్దాం.