బోధనునుండి నెల్లూరునకు

మన కావ్యములలో దూరప్రయాణము పురుషునిది, ఎదురుచూపు స్త్రీది. భర్త దేశాంతరమున నుండగా దినములు లెక్కించుకొను నాయికకు లాక్షణికులు ప్రోషితభర్తృక యని పేరు పెట్టిరి. కొడుకుకొరకు తానే దారిపట్టిన తల్లికి మాత్రము వారే పేరును పెట్టలేదు. సోదరీమణులారా, అట్టి తల్లి నొకతెను గూర్చి యీ నెల వ్రాయదలచితిని.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి కరోనా కారణమున ఇల్లు వెడలరాదని దేశమంతటను కట్టడి యేర్పడెను. రైళ్లును బస్సులును నిలిచెను. ఎక్కడివా రక్కడనే చిక్కుకొనిరి. నిజామాబాదు జిల్లా బోధనులో ప్రభుత్వపాఠశాల ప్రధానోపాధ్యాయురాలగు రజియా బేగముగారి చిన్నకుమారుడు అంతకుముందే మిత్రునితో నెల్లూరు ప్రాంతమునకు పోయి, అచటనే యుండిపోయెను. ఆమె భర్త చాలయేండ్ల క్రిందటనే గతించెను.

పెద్దకుమారుని పంపవచ్చును గదా యని మీ రనవచ్చును. ఆమెయు నాలోచించెనట. పడుచువాడు బండిమీద కనబడినచో వేడుకకు తిరుగుచున్నాడని పోలీసువారు పట్టుకొందురేమో యని తలచి, తానే పోవ నిశ్చయించెను. పత్రికలు ఆమె సాహసమును పొగడినవి. నాకు సాహసముకంటె ముందు ఈ లౌక్యము నచ్చినది. మొదట కారును తలచి, మానుకొని, స్కూటరునే నమ్ముకొనెను. బోధను పోలీసు అధికారివలన అనుమతిపత్రము పొంది, రొట్టెలు మూట గట్టుకొనెను.

ఏప్రిల్ 6వ తేదీ సోమవారము ఉదయమున ఆమె బయలుదేరినది. పైన వేసవియెండ, ఒకవైపునకే సుమారు 700 కిలోమీటర్ల దారి. ఆ రాత్రి మార్గమున మనుష్యసంచారము లేదు, బండ్ల చప్పుడు లేదు. భయము వేసినదని ఆమెయే చెప్పుకొనెను. భయము లేదని బొంకకుండుటచేత నాకామెయందు గౌరవము హెచ్చినది. మరునాడు కుమారుని కలిసికొని, ఆ దినముననే వెనుదిరిగి, 8వ తేదీ సాయంకాలమునకు వానితో బోధను చేరెను.

మనలో ననేకులకు బండివెనుక ఒకప్రక్కకు తిరిగి కూర్చుండుటయే ప్రయాణము. పెండ్లికి ముందు బండి నడుప నేర్చి, అత్తవారింట మరచినవారిని నేనెరుగుదును. “అవసరమేమున్నది, ఆయన దింపుదురు గదా” యందురు. ఆయన ఇంటనున్నంతకాలము ఆ మాట బాగుగనే యుండును.

అయితే చేతిలో పత్రమును, కాలిక్రింద బండియును లేనివారి సంగతి వేరు. ఆ ఏప్రిల్ నెలలోనే, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బీజాపూరు జిల్లానుండి తెలంగాణపు మిరపచేలలో కూలికి వచ్చిన పండ్రెండేండ్ల బాలిక, తనవారితో అడవిదారిని కాలినడకన బయలుదేరి, మూడు దినములు నడచి, 18వ తేదీన ఇంటిచేరువలోనే ప్రాణము విడిచెను. ఆమెకు కరోనా లేదని పరీక్షలో తేలెను. శరీరమున నీరును లవణములును తగ్గుటయే కారణమై యుండునని వైద్యులు తలచిరి. శ్రామికులకొరకు తొలి ప్రత్యేకరైలు మే 1వ తేదీన, హైదరాబాదు చెంతనున్న లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు కదలెను. ఆ పసిదాని మరణమునకు అది పదుమూడవ దినము.

నాటినుండి వేసవిలో మా గడప దాటువారెవ్వరైనను రెండు వస్తువులు లేక పోరాదని నేను పట్టుపట్టుదును. ఒకటి రొట్టెలు, ఎండదారిలో అన్నము త్వరగా పులియును, ఇవి నిలుచును. రెండవది ఉప్పు, పంచదార కలిపిన నీరు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో పంచదార ఆరు చెంచాలు, ఉప్పు అరచెంచా, తలగొట్టి వేయవలెను. చెంచా యనగా కాఫీలో పంచదార వేసికొను చిన్నచెంచా. ఉప్పు చేతివాటమున వేయరాదు; హెచ్చినచో కీడు చేయును, ముఖ్యముగా పసిబిడ్డలకు. కలిపిన నీరు ఒక దినము దాటినచో పారబోసి మరల కలుపవలెను.