పాత వాచీ అమ్మే ముందు ఒక్క మాట

ముక్కనుమ నాడు తాడేపల్లిగూడెం దగ్గరి ఒక గ్రామంలో చిన్న సమావేశం జరిగింది. ఉపన్యాసాలు లేవు, దండలు లేవు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు తమ ఇళ్ళలో పాత చేతి వాచీలు ఉన్నవారు వాటిని తీసుకుని గ్రంథాలయానికి రావలసిందని కోరారు. పండుగకు వచ్చిన పిల్లలు, ఊళ్ళోని పెద్దలు కలిసి పాతికమంది వచ్చారు. బల్ల మీద దుప్పటి పరిచి వాచీలన్నీ వరుసగా పెట్టారు. లెక్కిస్తే పద్నాలుగు తేలాయి. వాటిలో నడుస్తున్నవి నాలుగే.

పాత వాచీలు సేకరించే అలవాటున్న మిత్రులు ఇద్దరు భీమవరం నుంచి వచ్చారు. తాము సేకరించినవాటిలో అన్నిటికంటే పాతవాటిని వారూ తెచ్చి చూపించారు. మొదటి గంటంతా ఇది ఏ కంపెనీది, స్విట్జర్లాండుదా మనదా, ఎన్ని జ్యూయల్స్, ఇప్పుడు ఎంత పలుకుతుంది అన్న మాటలతోనే గడిచింది. ఆ మాటలు వినడానికి బాగానే ఉన్నాయి. కాని ఆ తర్వాత విన్న మూడు సంగతుల మూలంగానే ఈ నాలుగు ముక్కలు రాయవలసి వచ్చింది.

తాత సంగతి తెలియని మనవడు

ఒక యువకుడు తన తాతగారి వాచీ తెచ్చాడు. వెస్ట్ ఎండ్ కంపెనీ వారి ‘సవార్’. స్విట్జర్లాండులో తయారై, మన దేశపు సిపాయిల చేతుల మీద బాగా తిరిగిన వాచీ అది. అసలు మగవాళ్ళు మణికట్టుకు వాచీ కట్టుకోవడం విరివిగా మొదలైంది 1914-18 నాటి మొదటి ప్రపంచ యుద్ధంలోనే. అంతకు ముందు పెద్దమనుషులు జేబు గడియారం గొలుసుకు వేలాడదీసుకునేవారు. చేతి వాచీ ఆడవారి నగ కింద లెక్క. కందకంలో తుపాకి పట్టుకున్న సిపాయికి జేబులో చెయ్యి పెట్టే తీరిక ఎక్కడిది? అందుకని గడియారం మణికట్టు మీదికి ఎక్కింది. మన జిల్లా నుంచి సైన్యంలోకి వెళ్ళినవారు ఎందరో. ‘మిలటరీ మాధవరం’ అన్న పేరే అందుకు సాక్ష్యం.

సేకరణదారు ఆ వాచీని రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేశారు. ఆ తర్వాత మాస్టారు యువకుణ్ణి అడిగారు: “మీ తాత ఏ సంవత్సరం సైన్యంలో చేరాడయ్యా? ఎక్కడ పనిచేశాడు?”

ఆ అబ్బాయి తడబడ్డాడు. “మిలట్రీలో ఉండేవాడని అంటారండి. బర్మా వెళ్ళాడని మా నాన్న అనేవారు. అంతకంటే తెలియదండి.”

నాన్న కూడా ఇప్పుడు లేరట. వాచీ చరిత్ర తెలిసింది, దాన్ని కట్టుకున్న మనిషి చరిత్ర తెలియలేదు. అడిగి తెలుసుకోవడానికి ఆ ఇంట్లో ఇక ఎవరూ మిగలలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆ వాచీ అంకెల మీద పచ్చటి పూత ఉంది. చీకట్లో మెరవడానికి ఆ రోజుల్లో రేడియం కలిపిన రంగు పూసేవారు. ఇప్పుడు మెరుపు పోయినా రేడియం పోదు. అది సగానికి తగ్గడానికే సుమారు 1600 సంవత్సరాలు పడుతుంది. ఊరికే చూసినందువల్ల భయం లేదు గాని, అద్దం ఊడదీసి ఆ పూతను గీకడం, ఆ పొడిని పీల్చడం ప్రమాదం. అమెరికాలో 1920 దశకంలో ఈ రంగు పూసే పనికి కుదిరిన ఆడపిల్లలు, కుంచె మొన సన్నగా ఉండాలని దానిని పెదవులతో తడిపేవారు. అలా చేయమని వారికి నేర్పించింది యజమానులే. దవడ ఎముకలు కుళ్ళి చాలామంది చనిపోయారు. వాచీ వెలుగు ఖరీదు ఎవరు చెల్లించారో అంకెలను చూస్తే తెలియదు.

బోదె గట్టు మీద వాచీ

రెండవ సంగతి చెప్పినాయన ఎనభై ఏళ్ళు దాటిన రైతు. ఆయన పొలం కాలువ శివారున ఉంది. దాళ్వాలో నీళ్ళు వంతులవారీగా వచ్చేవని ఈ ప్రాంతపు రైతులకు వేరే చెప్పనక్కర లేదు. 1970 దశకం మాట. ఆయన వంతు రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు వరకు. ఆ బోదె మీద వాచీ ఉన్నది ఎగువ పొలం ఆసామి ఒక్కడికే.

“ఆయన నాలుగైందంటే అయినట్టేనండి. కాదనడానికి మన దగ్గర ఏముంది? చుక్కని చూసి చెబితే నవ్వేవాడు. మడి సగం తడవకుండానే మా వంతు అయిపోయేది. రెండేళ్ళు ఓర్చుకున్నాను. మూడో ఏడు మూడు బస్తాల ధాన్యం అమ్మేసి జనతా వాచీ కొన్నాను. ఇంట్లో ఆడవాళ్ళు తిట్టారు. సాయంత్రం రేడియో వార్తల ముందు పిప్ పిప్‌మంటుందే, దానికి సరిపెట్టుకుని పొలం వెళ్ళాను. ఆ రాత్రి ఆయన వచ్చి నాలుగైందన్నాడు. లాంతరు ఎత్తి నా వాచీ చూపించాను. మూడుంబావు. మాట్లాడకుండా వెళ్ళిపోయాడండి.”

గదిలో అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ముప్పావుగంట నీళ్ళంటే శివారు రైతుకు ఎంతో ఆయనకు తెలుసు. ఆ వాచీ అద్దం మసకబారింది, పట్టీ తెగింది. బజారులో దానికి విలువ లేదని సేకరణదారే ఒప్పుకున్నారు. కాని ఆ బల్ల మీద ఉన్నవాటన్నిటిలోకి బరువైన వాచీ అదే అని నాకు అనిపించింది.

ఆ జనతా వాచీ కథ కూడా మన పిల్లలకు తెలియాలి. బెంగుళూరులోని ప్రభుత్వరంగ సంస్థ హెచ్.ఎం.టి. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ తయారైన మొదటి వాచీలను విడుదల చేసింది ప్రధాని నెహ్రూ. అంతవరకు వాచీ అంటే స్విట్జర్లాండుదో, దొంగరవాణాగా వచ్చిందో. సామాన్యుడి చేతికి వాచీ అందించింది ఈ ఫ్యాక్టరీయే. కొన్నాళ్ళ పాటు గిరాకీ ఎంతగా ఉండేదంటే, డబ్బు పట్టుకుని వెళ్ళినా ఆ రోజే దొరుకుతుందన్న నమ్మకం ఉండేది కాదు.

అలకపాన్పు మీద వాచీ

మూడవ సంగతి ఒక మామ్మగారిది. చివరలో లేచి, పైట కొంగున కట్టిన వాచీ విప్పి బల్ల మీద పెట్టారు. సేకరణదారు దానిని చేతిలోకి తీసుకుని, “మంచి ఆటోమేటిక్ అండి. కొంచెం బాగు చేయిస్తే నడుస్తుంది” అన్నారు.

“నడిపించాలని తేలేదు బాబూ” అన్నారావిడ. “డెబ్భై నాలుగులో నా పెళ్ళి. వాచీ, సైకిలు, రేడియో ఇస్తామని మాట. మా నాన్న మామూలు కీ వాచీ తెచ్చాడు. పెళ్ళికొడుకు అలకపాన్పు ఎక్కి, తనంతట తాను తిరిగే వాచీ అయితేనే దిగుతానన్నాడు. వేళాకోళమే అనుకున్నాం మొదట. ఆ సాయంత్రం దాకా దిగలేదు. మా నాన్న పాడిగేదెను తోలుకుపోయి అమ్మి, గూడెం వెళ్ళి ఇది తెచ్చాడు. మా తమ్ముడికి అప్పటికి రెండేళ్ళు. పాలు లేవు.”

కాసేపు ఆగి మళ్ళీ అన్నారు: “మా ఆయన మంచివాడే. నలభై ఏళ్ళు కాపురం చేశాం. తర్వాత తర్వాత సిగ్గుపడేవాడు కూడా. కాని ఈ వాచీని నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆయన పోయాక పెట్టెలో పెట్టాను.”

సేకరణదారు మర్యాదగా ఒక ధర చెప్పారు. మామ్మగారు తల అడ్డంగా ఊపారు. “డబ్బు వద్దులే బాబూ. తీసుకుంటే ఊరికే తీసుకో. మా నాన్న గేదెను అమ్మాడని మాత్రం దాని పక్కన రాసిపెట్టు.”

బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టిన 1961లోనే వరకట్న నిషేధ చట్టం కూడా వచ్చిందన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవలసి ఉన్నది. రెండూ ఒకే ఏడు వచ్చాయి. మన పల్లెల్లోకి వాచీ మాత్రం చట్టం కంటే చాలా ముందు చేరింది.

సేకరణదారులకు ఒక విన్నపం

జపాను సీకో కంపెనీ 1969 డిసెంబరులో క్వార్ట్‌జ్ చేతి వాచీని బజారుకు తెచ్చింది. కీ ఇవ్వనక్కర లేదు, బ్యాటరీ మీద నడుస్తుంది, టైము తప్పదు. మన దేశంలో 1980 దశకంలో టైటాన్ వచ్చాక కీ వాచీల గిరాకీ పడిపోయింది. ఆ రోజుల్లోనే మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ కూడా సీకో సహకారంతో వాచీలు తయారు చేసింది. ఇప్పుడా తయారీ లేదు. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. మూత వార్త వినగానే అదే వాచీల కోసం జనం ఎగబడ్డారు. ఉన్నన్నాళ్ళు విలువ తెలియకపోవడం మనకు కొత్త కాదు.

ఇప్పుడు పాత సామాను కొనేవారు ఊళ్ళలో తిరిగి, నడవని వాచీలను అయిదు వందలకో ఆరు వందలకో పట్టుకుపోతున్నారు. వాటిలో కొన్నింటికి డయలు మీద కొత్త రంగు వేసి, ఒక వాచీ ముళ్ళు మరొకదానికి తగిలించి, పాతదేనని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నిజమైన సేకరణదారులు ఈ పనిని అసహ్యించుకుంటారు. వారు లేకపోతే ఈ పాటికి ఇవన్నీ తుక్కులో కలిసి ఉండేవన్నది కూడా ఒప్పుకోవలసిన మాటే.

అయితే వారికి ఒక విన్నపం. మీరు వాచీ నంబరు రాసుకుంటున్నారు, కంపెనీ పేరు రాసుకుంటున్నారు, కొన్న ధర రాసుకుంటున్నారు. ఎవరి చేతి నుంచి తీసుకున్నారో, వారేమి చెప్పారో కూడా రాసుకోండి. ఈ వాచీకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్క ప్రశ్న అడగండి. ధాన్యం బస్తాలు, పాడిగేదె, సిపాయి జీతం అన్నీ ఆ ఒక్క ప్రశ్నకే బయటికి వస్తాయి.

‘గడిచిపోయిన సంగతులు, చచ్చిపోయినవారి తప్పులు ఇప్పుడు తవ్వడం ఎందుకు?’ అని ఆ గదిలోనే ఒకరు అన్నారు. మామ్మగారు తన భర్తను తిట్టడానికి రాలేదు. తన తండ్రిని తలచుకోవడానికి వచ్చారు. మంచి జ్ఞాపకాలనే దాచుకుని కష్టపడినవారి మాట చెరిపేస్తే, అదీ డయలు మీద కొత్త రంగు వేయడం లాంటిదే.

ఇళ్ళవారు చేయవలసినవి

పని పెద్దది కాదు. పెట్టెలో పాత వాచీ ఉంటే దానిని తీసి, ఇంట్లోని పెద్దవారి పక్కన కూర్చోండి. ఎవరు కొన్నారు, ఎప్పుడు, ఎంతకు, దేనికోసం అని అడగండి. ఒక కాగితం మీద రాసి వాచీతో పాటు దాచండి. సెల్‌ఫోనులో వారి గొంతు పట్టుకుంటే మరీ మంచిది.

నడవని వాచీకి బలవంతంగా కీ ఇవ్వకండి. లోపల నూనె ఎండి ఉంటుంది, చక్రాలు అరిగిపోతాయి. తెలిసిన వాచీ మేస్త్రీ చేత శుభ్రం చేయించి నూనె వేయించండి. డయలు మాసినా సరే, రంగు వేయించవద్దు. 17 జ్యూయల్స్ అని ఉంటే లోపల కెంపులు ఉన్నాయని ఆశపడి విప్పకండి. అవి ఫ్యాక్టరీలో చేసిన కృత్రిమ కెంపులు. ఇరుసులు అరగకుండా ఉండడానికి పెట్టినవి. అమ్మితే ఏమీ రాదు.

అవసరం ఉంటే వాచీ అమ్ముకోండి, తప్పు లేదు. అమ్మే ముందు దాని కథ మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

ఆ గ్రామంలో మాస్టారు గ్రంథాలయంలో ఒక నోటుపుస్తకం పెట్టారు. వాచీకి ఒక పేజీ. పద్నాలుగింటిలో పదకొండు పేజీలు ఆ రోజే నిండాయి. సిపాయి తాత పేజీలో రెండు వరుసలే ఉన్నాయి. మామ్మగారి పేజీలో మొదటి వరుస ఆవిడ చెప్పినట్టే రాశారు. రాసినది చదివించుకుని విని, వాచీ అక్కడే వదిలి ఇంటికి వెళ్ళిపోయారావిడ.

ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి పుస్తకం ఒకటి ఉండాలి. వచ్చే సంక్రాంతి దాకా ఆగనక్కర లేదు. చెప్పగలిగే పెద్దలు అందాకా ఉంటారన్న హామీ ఎవరికీ లేదు.