కొలవకుండా కట్టిన గోడకు మూల్యం తీరమే

సముద్రపు కోతను ప్రకృతి వైపరీత్యాల ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం పాలకులకు పరిపాటి అయింది. ఈ ధోరణిలోని డొల్లతనాన్ని పుదుచ్చేరి అనుభవం తేటతెల్లం చేస్తున్నది.

1980 దశకంలో పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నదీముఖం వద్ద హార్బరు కోసం సముద్రంలోకి రాతిగోడలు నిర్మించారు. కోరమాండల్ తీరంలో ఏడాదిలో అధిక కాలం అలలు ఇసుకను ఉత్తర దిశగా తరలిస్తుంటాయి. ఆ ప్రవాహానికి గోడలు అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేయగా, ఉత్తరాన పట్టణం తన బీచిని పోగొట్టుకున్నది. రక్షణగా బండరాళ్లు పేర్చితే కోత మరింత ఉత్తరానికి, తమిళనాడు మత్స్యకార గ్రామాలపైకి మళ్లింది. పడవలు ఒడ్డుకు లాగి, వలలు ఆరబెట్టుకునే చోటు అక్కడివారికి కరవైంది. అలలకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు.

2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక విజ్ఞాన సంస్థ పట్టణ తీరానికి ఉత్తర కొసన, నీటి అడుగున ఉక్కు కట్టడాన్ని నిలిపింది. అలల ఉద్ధృతి తగ్గి, దాని చాటున ఇసుక తిరిగి చేరింది. ఇది అదృష్టం కాదు. అలల ఎత్తు, దిశ, సముద్రపు లోతు కొలిచి, ఆ లెక్కలతో కంప్యూటరు నమూనాలు రూపొందించిన మీదటే ఆ పని జరిగింది. హార్బరుకు ముందు చేయవలసిన కసరత్తు మూడు దశాబ్దాల తర్వాత జరగడమే శోచనీయం.

ఒకసారి కొలిచి ఊరుకుంటే చాలదు. 2011లో థానే, 2024లో ఫెంగల్ వంటి తుపానులు తీరాన్ని తాకినప్పుడల్లా అడుగునున్న ఇసుక స్థానం మారుతుంది. పాత లోతులతో వేసిన అంచనా కొత్త తుపానుకు పనికిరాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ బోయాల సాయంతో అలలను గమనించి మత్స్యకారులకు ముందస్తు సూచనలిస్తున్నది. ఆ సమాచారం వేటకే కాక, కట్టడాల నిర్ణయాలకూ ఆధారం కావాలి.

నిరంతర సర్వేలు ఖర్చుతో కూడినవన్న వాదన ఉన్నది. విశాఖలో ఔటర్ హార్బరు గోడల వద్ద చేరిన ఇసుకను తవ్వి బీచిలో పోయవలసి రావడం గమనిస్తే, కొలవకపోవడమే అధిక వ్యయమని బోధపడుతుంది. 1990-2018 మధ్య దేశ ప్రధాన భూభాగ తీరంలో 33.6 శాతం కోతకు గురైనట్లు కేంద్ర సంస్థ అధ్యయనం తేల్చింది.

ఉప్పాడ వంటి కోత ప్రాంతాలున్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది హెచ్చరిక. ఏ గోడకైనా రాయి పడకముందే అలల లెక్కలను స్థానికుల ముందుంచాలి. కట్టిన తర్వాత ఏటా ఇరువైపులా తీరాన్ని కొలిచి ప్రకటించాలి. ఆ బాధ్యతను అనుమతి పత్రంలోనే చేర్చడం ప్రభుత్వాల కనీస కర్తవ్యం.