మోగే గదికి మందు

మా మామయ్యగారికి 78 ఏళ్ళు. చెవి కాస్త మందగించింది, మిషను పెట్టుకుంటారు. పాత ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే ఘంటసాల గారి భగవద్గీత వినందే కాఫీ ముట్టేవారు కాదు. కొత్త ఫ్లాట్‌కి వచ్చిన నెల్లాళ్ళకే ఆ అలవాటు మానేశారు. అడిగితే, "శ్లోకమైతే నాకు నోటికొచ్చు కాబట్టి తెలుస్తోందమ్మా. తాత్పర్యం మాటలే ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. ఇంక వయసైపోయింది" అని వెళ్ళి పడుకున్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

మా వారేమో స్పీకర్లదే లోపం, కొత్తవి కొందామన్నారు. ఒక షాపువాళ్ళని పిలిస్తే, నాలుగు గోడలకీ ఫోమ్ అంటించడానికి 60,000 అవుతుందన్నారు. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది. నాకు గుండె గుభేలుమంది. మైకులు, రికార్డింగు పని చేసే మా తమ్ముడికి ఫోన్ చేస్తే, "ఒక్క పైసా తీయకు, నేనొచ్చి చూస్తాను" అన్నాడు.

వచ్చి హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టాడు. 'టప్' మనాల్సింది 'టర్‌ర్‌ర్' మంటూ సాగింది. మీరూ మీ ఇంట్లో కొట్టి చూడండి. మా పెంకుటింట్లో నులక మంచాలు, పరుపు చుట్టలు, దండెం మీద బట్టలు, ధాన్యం బస్తాలు ఉండేవి. శబ్దాన్ని అవి మింగేసేవి. ఇక్కడ కింద నున్నటి టైల్సు, పెద్ద అద్దాల కిటికీ, బోసి గోడలు. మాట గోడకి కొట్టుకుని తిరిగొచ్చి, వెనకాలే వచ్చే మాట మీద పడుతోంది. మనం ఎలాగో సర్దుకుంటాం గానీ, చెవి మందగించినవాళ్ళకి అది మరీ కష్టం. సౌండు పెంచితే ఆ మోత కూడా పెరుగుతుంది.

అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో 1895లో ఇదే గొడవట. కొత్త హాల్లో పాఠం అర్థం కావడం లేదని సెబైన్ అనే కుర్ర ప్రొఫెసర్‌కి ఆ పని అప్పగించారు. ఖాళీ హాల్లో శబ్దం ఐదున్నర సెకన్లు నిలిచేది. ఆయన రాత్రిళ్ళు దగ్గర్లోని థియేటర్ సీట్ల మెత్తలు మోయించి, పరిచి, కొలిచి, తెల్లారేలోగా మళ్ళీ వెనక్కి పెట్టించేవాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. చూశారా, మెత్తలతో మొదలైన శాస్త్రం, మనకి రానిదేం కాదు!

కోడిగుడ్ల అట్టలు అంటించమని పక్కింటావిడ సలహా ఇచ్చింది. వద్దే వద్దు. సన్నటి శబ్దాలకి తప్ప పనికిరావు, బొద్దింకలు చేరతాయి, నిప్పంటుకుంటే అంతే సంగతులు. థర్మోకోలూ అంతే, శబ్దాన్ని పీల్చదు సరికదా భగ్గున మండుతుంది. అంగుళం ఫోమ్ గోడలన్నిటికీ వేస్తే సన్నటి శబ్దాలు చచ్చి, గుమ్‌గుమ్ మనే మోత మిగిలిపోతుంది. పాట దుప్పట్లో కప్పినట్టు వినిపిస్తుంది. ఇంకో మాట, ఇవేవీ పక్కింటికి శబ్దం వెళ్ళకుండా ఆపవు. దానికి బరువైన గోడ, సందుల్లేని తలుపు కావాలి. అది వేరే కథ.

మేం చేసిందేమిటంటే, వడ్రంగితో 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఫ్రేములు నాలుగు చేయించాం. లోపల 2 అంగుళాల రాక్‌వూల్ పలక. అది కాలదు గానీ చేతులకి దురద పెడుతుంది. గ్లౌజులు, మూతికి మాస్కు తప్పనిసరి. వెనకా ముందూ బట్ట కప్పి బిగించాలి. బట్ట ఎంచడానికి తమ్ముడు చిట్కా చెప్పాడు: నోటికి ఆనించి ఊదాలి, గాలి దూరితే శబ్దమూ దూరుతుంది. నేను ముచ్చటపడి తెచ్చిన రెగ్జిన్ అలా వెనక్కి పోయింది. చేనేత కాటన్ తెచ్చాను.

ఎక్కడ తగిలించాలన్నది అసలు కిటుకు. మామయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి, నేను పక్క గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్ళాను. అద్దంలో ఆయనకి స్పీకరు కనిపించిన చోట సుద్దతో గీత. రెండు గోడలకీ అలా ఒక్కోటి, ఆయన వెనక గోడకి రెండు. గోడకి అంటించకుండా 2 అంగుళాలు ఎడం ఉంచితే ఇంకా బాగా పీలుస్తాయి. కుర్చీ గోడకి ఆనుకుని ఉండేది, రెండడుగులు ముందుకి జరిపాం. గుమ్ముమనే మోత సగం దాంతోనే పోయింది, పైసా ఖర్చు లేకుండా. మూలల్లో అత్తయ్యగారి పాత దూది పరుపులు చుట్టి నిలబెట్టాను. కింద జంపఖానా, కిటికీకి కుచ్చులెక్కువ పెట్టిన మందపాటి కర్టెను. అంతా కలిపి 9,000 లోపే అయింది.

మర్నాడు పొద్దున్న గీత పెట్టాను. మామయ్యగారు కళ్ళు మూసుకుని విన్నారు. రెండో తాత్పర్యానికి చెయ్యెత్తి, "సౌండు కాస్త తగ్గించమ్మా" అన్నారు. మా వారు నా వంక చూశారు. కొత్త స్పీకర్ల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఫ్రేముల బట్ట వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దులుపుతున్నాను. నీళ్ళు తగలనివ్వకండి, బూజు పడుతుంది.