గొఱ్ఱె చెప్పదు, మనమే చూడాలి



జనవరిలో ఒక శనివారం. మంచు విడిపోయి, ఎండ ఇంకా చురుక్కుమనని వేళ. మాతో బడిలో చదువుకొన్న స్నేహితుడు హైదరాబాదు నుండి వచ్చి రెండు రోజులైంది. టీ గ్లాసులతో వజ్రపుకొత్తూరులోని మా ఇంటి వెనుక జీడితోటలో కూర్చున్నాము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన చెట్ల చోట నాటిన మొక్కలే ఇప్పుడు నీడనిస్తున్నాయి.

త్రాడు విప్పగానే మా రెండు పెంపుడు గొఱ్ఱెలు పరుగెత్తి వచ్చాయి. చిన్నది అతని చొక్కా అంచు నమలసాగింది.

"ఏటిరా, ఇవి గొఱ్ఱెలా, మేకలా? ఉన్నేదీ?" అన్నాడు నవ్వుతూ.

సండే స్కూలు బొమ్మల కార్డులోని తెల్లని గొఱ్ఱె ఇంకా అతని మనసులో ఉన్నది. మా నాటు గొఱ్ఱెలకు పొట్టి వెంట్రుకలే. తోక చూడమన్నాము. మేక తోక పైకి నిలుస్తుంది, గొఱ్ఱె తోక క్రిందికి వ్రేలాడుతుంది.

అవి మేసి, పడుకొని, నెమరు వేయసాగాయి. మా శ్రీమతి వచ్చి పెద్దదాని తల పట్టుకొని, బొటనవ్రేలితో క్రింది కనురెప్ప లాగి చూచింది.

"ఏమమ్మా, నలక పడిందా?"

"కాదన్నయ్యగారూ. లోపల ఎఱ్ఱగా ఉంటే మంచిదే. తెల్లగా పాలిపోతే కడుపులో పురుగులు రక్తం త్రాగేస్తున్నట్టు. అప్పుడు పశువుల డాక్టరుకు చూపించి మందు పోయిస్తాము."

"బాధుంటే అదే అరుస్తుంది కదా?"

"అరవదు. మందలో నీరసంగా కనబడినదానినే తోడేలు పట్టుకొంటుంది. అందుకే జబ్బును చివరిదాకా దాచుకోవడం దాని స్వభావం. మేత తగ్గిందా, నెమరు ఆపిందా, విడిగా నిలబడిందా అని మనమే చూడాలి."

అతడు మాటలాడలేదు. గ్లాసు క్రింద పెట్టి చాలాసేపు ఆ గొఱ్ఱె వీపు నిమిరాడు.

"ఆరు నెలలుగా సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నాయిరా. ఇంట్లో చెప్పలేదు. నడుము నొప్పికి షాపులో బిళ్ళలు కొని మింగుతున్నాను. నాన్న జబ్బే నాకూ వచ్చిందంటారేమోనని పరీక్షకు వెళ్ళలేదు."

అతని తండ్రి మా ఊరిలోనే కిడ్నీలు చెడి చనిపోయారు. ఉద్దానంలో ఆ మాట వినని ఇల్లు ఏది? ఈ ప్రాంతంలో ఇంతమందికి ఎందుకు వస్తున్నదో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. కాని కొన్ని సంగతులు మాత్రం స్పష్టము. మొదటి దశలో ఈ జబ్బు బయటికి కనబడకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను చూస్తే తెలుస్తుంది. డాక్టరు చెప్పకుండా నొప్పి బిళ్ళలు వాడుతూ పోతే కిడ్నీలకు హాని. ముందుగా తెలిస్తే రక్తపోటు, ఉప్పు అదుపులో పెట్టి, మందులతో జబ్బు వేగం తగ్గించే వీలుంటుంది.

కాళ్ళ వాపుకు వేరే కారణాలు కూడా ఉండవచ్చునని చెప్పాము. ఆ సాయంత్రమే అతడు భార్యకు ఫోను చేసి అన్నీ చెప్పాడు. ఆమె ఏడ్చింది, కోప్పడింది, మరునాటి రైలుకే బయలుదేరింది. సోమవారం ముగ్గురం పలాస వెళ్ళాము. 2023 డిసెంబరులో అక్కడ కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైన సంగతి మీకు తెలిసినదే. రక్తం ఇచ్చాడు. ఫలితమేమిటో ఇక్కడ వ్రాయము, అది వారి ఇంటి సంగతి. భయపడుతూనైనా వెళ్ళాడు, అది చాలు.

మందను దగ్గరగా పరికించమని సామెతల గ్రంథం 27వ అధ్యాయంలో సొలొమోను హెచ్చరించాడు. రోజూ గొఱ్ఱె కన్ను చూచే మేము, రెండు రోజులు మా ఇంట్లో ఉన్న మనిషి కాళ్ళు చూడలేదు.

మీ ఇంట్లోనూ "నాకేమీ లేదు" అనేవారు ఒకరుంటారు. అన్నం తగ్గించారా? నలుగురిలో కలవకుండా విడిగా కూర్చుంటున్నారా? ఈ వారమే దగ్గర కూర్చొని అడగండి. ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే ఒంటరిగా పంపకండి.