గురుపూజ సరే, చర్చల బల్ల ఎక్కడ?

షాలిమార్ పేరు తెలుగు ప్రయాణికులకు కొత్త కాదు. హైదరాబాద్ నుంచి విజయవాడ, విశాఖపట్నం మీదుగా సాగే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణం ముగిసేది అక్కడే. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నదికి హౌరా ఒడ్డున ఉన్న ఈ స్టేషన్ ఆగ్నేయ రైల్వేలోని ఖరగ్‌పూర్ డివిజన్ కిందికి వస్తుంది. అక్కడి రైల్వే ఉద్యోగికి డ్యూటీ వేళల మీదో, పదోన్నతి మీదో, క్వార్టర్ మీదో ఫిర్యాదు ఉంటే ఏ తలుపు తట్టాలో తెలుసు. రైల్వేలో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం 1952 నుంచి పనిచేస్తోంది. గుర్తింపు పొందిన సంఘం డివిజన్ స్థాయిలో, జోన్ స్థాయిలో, రైల్వే బోర్డు స్థాయిలో అధికారుల ఎదుట కూర్చుని మాట్లాడుతుంది. ఏ సంఘానికి ఆ గుర్తింపు దక్కాలో ఉద్యోగులే రహస్య బ్యాలెట్‌తో తేలుస్తారు. చివరిసారి 2024 డిసెంబరులో తేల్చారు కూడా.

ఆ స్టేషన్‌కు సమీపంలోనే శిబ్‌పూర్ ఉంది. 1856 నాటి ఇంజనీరింగ్ కళాశాల ఇప్పుడు అక్కడ జాతీయ ప్రాముఖ్య సంస్థగా నడుస్తోంది. నది దాటితే కలకత్తా, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయాలు. అదే రైలు మార్గపు ఇవతలి కొసన ఉస్మానియా. ఈ సంస్థల్లో పాఠం చెప్పేవారికి సంఘాలున్నాయి, జెండాలున్నాయి, వినతిపత్రాలకూ కొదవ లేదు. లేనిదల్లా రైల్వే ఉద్యోగికి ఉన్నదే: అవతలి పక్షం వచ్చి కూర్చోక తప్పని చర్చల బల్ల. ఇది యాదృచ్ఛికంగా జరిగిన లోపం కాదు. అధ్యాపకుడిని గౌరవిస్తున్నామంటూనే అతని నుంచి లాగేసుకున్న హక్కు ఇది.

1988లో ఎ. సుందరంబాళ్ కేసులో సుప్రీంకోర్టు ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘పనివారు’ కారని తేల్చింది. విద్యాసంస్థ ‘పరిశ్రమ’ అవుతుందని 1978 నాటి బెంగళూరు నీటి సరఫరా మండలి కేసులో అదే న్యాయస్థానం అంతకుముందే చెప్పి ఉంది. అంటే సంస్థ పరిశ్రమే, అందులో గుమస్తా పనివాడే, పాఠం చెప్పే మనిషి మాత్రం కాదు. కారణం? బోధన ఉదాత్తమైన వృత్తి కాబట్టి! ఉదాత్తత పేరు చెప్పి సామరస్య అధికారిని, కార్మిక ట్రైబ్యునల్‌ను ఒక్క తీర్పుతో దూరం చేశారు. 2003లో టి.కె. రంగరాజన్ కేసులో ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదని కూడా అన్నారు. బేరమాడే వేదిక లేదు, పని ఆపే హక్కూ లేదు. ఇక మిగిలింది శాలువా ఒక్కటే.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ అన్యాయాన్ని సరిదిద్ది ఉండవచ్చు. ఉద్యోగుల్లో 51 శాతం మద్దతున్న సంఘాన్ని యాజమాన్యం ‘సంప్రదింపుల సంఘం’గా గుర్తించాలన్న నిబంధన అందులో ఉంది. ‘వర్కర్’ అన్న మాటకు నిర్వచనం రాస్తూ వర్కింగ్ జర్నలిస్టులను, అమ్మకాల ప్రచార ఉద్యోగులను పేరుపెట్టి మరీ చేర్చారు. అధ్యాపకుల పేరు మాత్రం అందులో లేదు.

ఈ ఖాళీలోనే కాంట్రాక్టు వ్యవస్థ ఏపుగా పెరిగింది. యూజీసీ 2018 నిబంధనలు చూడండి. తప్పనిసరైతే తప్ప కాంట్రాక్టు నియామకాలు వద్దన్నాయి. మొత్తం అధ్యాపక పోస్టుల్లో అవి 10 శాతం దాటరాదన్నాయి. కాంట్రాక్టు అధ్యాపకుడికిచ్చే పారితోషికం రెగ్యులర్ సహాయ ఆచార్యుడి స్థూల వేతనానికి తగ్గరాదన్నాయి. నిబంధన కాగితం మీద చక్కగా ఉంది. దాన్ని ఉల్లంఘిస్తే నిలదీసే అధికారం ఉన్న పక్షం ఏదీ లేదు గనుక కాగితం మీదే ఉండిపోయింది. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో ఆ 10 శాతం పరిమితి కూడా కనిపించలేదు. పాటించని నియమాన్ని పాటింపజేయాల్సింది పోయి, నియమాన్నే తీసేయబోయారు.

తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు సహాయ ఆచార్యులు సమ్మెకు దిగారు. ఉద్యోగ భద్రత, యూజీసీ వేతన స్కేలు వారి ప్రధాన కోరికలు. ఏళ్ల తరబడి అవే తరగతి గదుల్లో బోధిస్తూ, పరిశోధకులకు దారి చూపిస్తూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ వచ్చినవారు వారు. వారు ఎవరితో మాట్లాడాలి? ఉపకులపతిని అడిగితే నిధులు ప్రభుత్వానివి అంటారు. ప్రభుత్వాన్ని అడిగితే విశ్వవిద్యాలయాలు స్వయంప్రతిపత్తి గలవి అంటుంది. ఉన్నత విద్యామండలి యూజీసీ వైపు, యూజీసీ రాష్ట్రం వైపు, ఆర్థిక శాఖ న్యాయస్థానాల వైపు వేలు చూపిస్తాయి. పని చేయించుకునేటప్పుడు యజమాని ఒక్కడే. జీతం మాట వచ్చేసరికి ఆ యజమాని అయిదుగురిగా చీలిపోతాడు.

బెంగాల్ కథ ఇంతకంటే మెరుగ్గా లేదు. అక్కడ ఉపకులపతుల నియామకంపై గవర్నర్ సి.వి. ఆనందబోస్‌కూ మమతా బెనర్జీ ప్రభుత్వానికీ నడిచిన పోరు 2024 జూలైలో మాజీ ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ నేతృత్వంలో సుప్రీంకోర్టు కమిటీ వేసేదాకా వెళ్లింది. 2023 డిసెంబరులో జాదవ్‌పూర్ స్నాతకోత్సవానికి ముందురోజు తాత్కాలిక ఉపకులపతిని గవర్నర్ తొలగించారు. రేపు కుర్చీలో ఉంటాడో లేడో తెలియని ఉపకులపతి అధ్యాపకులతో ఏ ఒప్పందం చేసుకోగలడు? చేసుకున్నా దానికి విలువెంత? తెలంగాణలోనూ విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022లో శాసనసభ ఆమోదం పొంది రాజ్‌భవన్‌లో నిలిచిపోయింది. పార్టీలు వేరు, గవర్నర్లు వేరు. పోస్టులు మాత్రం రెండుచోట్లా ఖాళీగానే మిగిలాయి.

సమస్య పరిష్కారమైందని పాలకులు చెప్పుకున్న చోట కూడా జరిగింది ఒప్పందం కాదు, అనుగ్రహం. 2019లో బెంగాల్ ప్రభుత్వం కళాశాలల్లోని అతిథి, పార్ట్‌టైమ్, కాంట్రాక్టు అధ్యాపకులను ‘రాష్ట్ర సహాయ కళాశాల ఉపాధ్యాయులు’ అనే ఒక్క వర్గంగా మార్చి, 60 ఏళ్ల వరకు కొలువు ఉంటుందని ప్రకటించింది. నిన్నటిదాకా ఏ భద్రతా లేనివారికి అది ఊరటే. అయితే ఆ వర్గం పేరు, అందులోని తరగతులు, పారితోషికం అన్నీ ప్రభుత్వ ఉత్తర్వే నిర్ణయించింది. తెలంగాణలో 2023 ఏప్రిల్ 30న, కొత్త సచివాలయం ప్రారంభమైన రోజున, నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ ఫైలుపై సంతకం చేశారు. జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ అధ్యాపకులు అందులో ఉన్నారు. విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అధ్యాపకులు మిగిలిపోయారు. 2024 నవంబరులో హైకోర్టు ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన 10-ఎ సెక్షన్‌నే కొట్టివేసింది. అప్పటికే క్రమబద్ధమైనవారి జోలికి పోలేదు గాని, వెనక ఉన్నవారికి ఆ దారి మూసుకుపోయింది. ఇచ్చినవాడి దయ మీద నిలిచిన భద్రతకు ఆయుష్షు ఎంతో ఇంతకంటే నిదర్శనం వేరే అక్కరలేదు.

న్యాయస్థానాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2006 నాటి ఉమాదేవి తీర్పు దొడ్డిదారి నియామకాలను అడ్డుకోవడానికి వచ్చింది. ప్రభుత్వాలు దాన్ని ఏళ్ల తరబడి పని చేయించుకున్నవారిని నిరాకరించే ఆయుధంగా మార్చుకున్నాయి. ఈ దుర్వినియోగాన్ని 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. 2025 ఆగస్టులో షా సమీర్ భరత్‌భాయ్ కేసులో గుజరాత్ కాంట్రాక్టు సహాయ ఆచార్యుల గోడు విన్నది. ఒకే పనికి రెగ్యులర్ అధ్యాపకుడు నెలకు సుమారు 1,36,952 రూపాయలు, తాత్కాలిక అధ్యాపకుడు సుమారు 1,16,000 రూపాయలు పొందుతుంటే కాంట్రాక్టు అధ్యాపకుడికి దక్కుతున్నది 30,000. సభల్లో గురువును దేవుడని స్తుతించడం చాలదు, అతనికిచ్చే జీతంలో ఆ గౌరవం కనిపించాలన్న భావంతో న్యాయమూర్తులు వ్యాఖ్యానించారు. మంచి మాట. కాని న్యాయస్థానం ఇచ్చే ఊరట ముందు వ్యాజ్యం వేసినవారిది. మిగతావారు మళ్లీ వకీలును వెతుక్కోవాలి, మళ్లీ ఏళ్లు వేచి ఉండాలి. చర్చల బల్ల పని కోర్టు బోను చేయలేదు.

ఇటువైపు వినిపించే అభ్యంతరాలు మూడు. సమ్మె చేస్తే విద్యార్థి నష్టపోతాడన్నది మొదటిది. ఏటా కొలువు నిలుస్తుందో లేదో తెలియని మనిషితో పాఠం చెప్పించడం వల్ల విద్యార్థికి జరిగే నష్టాన్ని ఎవరూ లెక్కపెట్టరు. పైగా మాట్లాడుకునే వేదిక ఉన్నచోట సమ్మె చివరి మెట్టు అవుతుంది. లేనిచోట అదే మొదటి మెట్టు. రెండవది, క్రమబద్ధీకరిస్తే కొత్తగా చదువుకుని వచ్చినవారికి, రిజర్వేషన్లు దక్కాల్సినవారికి అన్యాయం జరుగుతుందన్నది. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాట కాదు. కాబట్టే ఏ పోస్టు ఎలా నింపాలి, సేవాకాలానికి ఎంత విలువ ఇవ్వాలి, రోస్టర్ ఎలా పాటించాలి అన్నవి బహిరంగ చర్చలో తేలాలి, ఎన్నికల ముందు రాత్రికి రాత్రి సంతకంతో కాదు. మూడవది డబ్బు లేదన్నది. లేకపోతే లెక్కలు బల్ల మీద పెట్టాలి. లెక్కలు దాచుకునేవాడి పేదరికాన్ని నమ్మాల్సిన పని లేదు.

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో 2023 ఏప్రిల్‌లో మూడు సంఘాలకు చెందిన సుమారు 9,000 మంది సమ్మె చేశారు. ఆ సంస్థ 257 ఏళ్ల చరిత్రలో అధ్యాపకుల తొలి సమ్మె అది. యాజమాన్యం కోర్టుకు పోతానని బెదిరించింది. రాష్ట్ర గవర్నర్ ఫిల్ మర్ఫీ దాన్ని ఆపి, ఇరుపక్షాలనూ తన కార్యాలయానికి రప్పించారు. వారం తిరగకుండానే స్థూల అంగీకారం కుదిరి తరగతులు మొదలయ్యాయి. పార్ట్‌టైమ్ అధ్యాపకుల వేతనం నాలుగేళ్లలో సుమారు 44 శాతం పెరిగేలా ఒప్పందం వచ్చింది. అమెరికా అధ్యాపకుల స్వర్గమేమీ కాదు. 1980 నాటి యెషీవా తీర్పు అక్కడి ప్రైవేటు విశ్వవిద్యాలయాల అధ్యాపకులను ‘నిర్వాహకులు’గా చూసి సంఘ హక్కులకు దూరం చేసింది. అయినా న్యూజెర్సీ రాష్ట్ర చట్టం ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బేరమాడే హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఉండబట్టే గవర్నర్‌కు పిలిపించడానికి రెండు పక్షాలు కనిపించాయి.

రట్గర్స్ నేర్పే రెండో పాఠం ఇక్కడి సంఘాలకు చేదుగా ఉంటుంది. అక్కడ పూర్తికాలపు ఆచార్యులు, పార్ట్‌టైమ్ బోధకులు కలిసి బయటికి వచ్చారు. ఇక్కడ రెగ్యులర్ వారిది ఒక సంఘం, కాంట్రాక్టు వారిది మరొకటి, అతిథి అధ్యాపకులది ఇంకొకటి. స్కేలు సవరణ వచ్చినప్పుడు కలిసి పండుగ చేసుకోని ఇల్లు కష్టం వచ్చినప్పుడు కలిసి నిలబడుతుందా? యాజమాన్యాల బలం వారి ఖజానాలో లేదు, ఈ చీలికలో ఉంది.

మార్గం లేకపోలేదు. రాజ్యాంగం ఉమ్మడి జాబితాలో కార్మిక సంఘాలు, కార్మిక వివాదాలు 22వ అంశం. విద్య 25వ అంశం. ఏ రాష్ట్రమైనా తన విశ్వవిద్యాలయాల కోసం చట్టం చేయవచ్చు. ప్రభుత్వం, విశ్వవిద్యాలయం కలిసి ఒకే యజమాని పక్షంగా కూర్చోవాలని, కాంట్రాక్టు వారితో సహా అధ్యాపకులందరూ ఓటు వేసి ఎన్నుకున్న సంఘాన్ని గుర్తించాలని, గడువులోగా రాతపూర్వక ఒప్పందం కుదరాలని, కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలని నాలుగు సెక్షన్లు రాస్తే చాలు. ఇందులో విప్లవమేమీ లేదు. షాలిమార్ స్టేషన్ సిబ్బందికి ఏడు దశాబ్దాలుగా అలవాటైన ఏర్పాటే ఇది. ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు కూలీకి అక్కడ కూడా చోటు దక్కలేదన్నది నిజం. ఆ పొరపాటు విశ్వవిద్యాలయాల్లో మొదటే జరగకుండా చూడాలి.

వచ్చే సెప్టెంబరు 5న ముఖ్యమంత్రులు, గవర్నర్లు మళ్లీ శాలువాలు కప్పుతారు. అందుకునే అధ్యాపకులు ఆ వేదిక మీదే ఒక్క ప్రశ్న అడగాలి: మా ఎదుట కూర్చుని మాట్లాడే రోజు ఎప్పుడు? ఆ ప్రశ్నకు తేదీతో సహా జవాబు చెప్పలేని ప్రభుత్వానికి గురుపూజ చేసే అర్హత లేదు.